రెక్కల కింద పట్టినన్నే!

మే నెల. మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీలో ఓ మిత్రుడి ఇల్లు. మధ్యాహ్నం రెండింటికి గేటు తీయబోతే గడియ చురుక్కుమంది. గుట్ట మీది బండలు పొద్దంతా తాగిన ఎండను సాయంత్రం దాకా వెనక్కి ఊదుతూనే ఉంటాయని ఆ పక్కన ఉండేవాళ్లందరికీ తెలుసు. అలాంటి ఎండలో ఇంటిల్లిపాదీ కింది గదిలో ఒక థర్మోకోల్ పెట్టె చుట్టూ కూర్చుని ఉన్నారు. మిత్రుడి తమ్ముడి చేతిలో గుడ్డ చుట్టిన ఐసు సీసా. నానమ్మ చేతిలో తాటాకు విసనకర్ర. కరెంటు పోయి గంటయిందట. పెట్టె మీదున్న చిన్న మీటరులో అంకె మెల్లగా పైకి పాకుతోంది. 31.2... 31.4...

'ముప్ఫై రెండు దాటితే ఏమవుతుంది?' అన్నాను.

'చాలాసేపు అలాగే ఉంటే కొన్ని లోపలే పోతాయన్నా. రోజుల తరబడి ఉంటే... బతికినవాటిలో మగవి కూడా ఆడవై పుట్టొచ్చు' అన్నాడు డిగ్రీ చదువుతున్న ఆ కుర్రాడు.

విసనకర్ర ఆగిపోయింది. 'గదేం మాటరా! గుడ్డుల పడ్డంక ఆడిది ఆడిదే, మొగది మొగదే. ఎండకు మారుతదా?' అంది నానమ్మ.

మారుతుంది. ఆ సంగతి తెలుసుకోబోతే మన నగరానికే చెందిన రెండు మూడు ముచ్చట్లు బయటపడ్డాయి. ముందు ఆ పెట్టెలో ఏముందో చెప్పాలి.

గడ్డం తొండ

అందులో ఉన్నవి బియర్డెడ్ డ్రాగన్ గుడ్లు. డ్రాగన్ అనగానే నిప్పులు కక్కే భూతం గుర్తొస్తుంది కానీ ఇది ఆస్ట్రేలియా ఎడారి నేలల్లో తిరిగే ఓ బల్లి జాతి. తోకతో కలిపి మూర పొడవు ఉంటుంది. కోపమొచ్చినా భయమేసినా గొంతు కింది ముళ్ల తోలును ఉబ్బించి నల్లగా చేస్తుంది. అదే దాని గడ్డం. వీధిలో పిల్లలు దానికి 'గడ్డం తొండ' అని పేరు పెట్టేశారు. తెలియక పెట్టినా సరిగ్గానే పెట్టారు. ఎందుకంటే మన పెరటి గోడ మీద తల ఊపే తొండా, ఆ ఆస్ట్రేలియా బల్లీ ఒకే కుటుంబానికి చెందినవి. శాస్త్రజ్ఞులు ఆ కుటుంబాన్ని అగామిడే అంటారు. మనం చిన్నప్పుడు రాళ్లు విసిరి తరిమిన తొండకు అది దూరపు చుట్టమన్నమాట!

ఆస్ట్రేలియా తన వన్యప్రాణుల్ని వ్యాపారానికి బయటికి పంపడాన్ని దశాబ్దాల కిందటే ఆపేసింది. అయినా ఇవి దేశదేశాల ఇళ్లల్లో కనిపిస్తున్నాయంటే కారణం ఒక్కటే... ఇంక్యుబేటర్లు. బయటి దేశాల్లో మనుషుల చేతుల్లో పొదిగి, పెరిగి, మళ్లీ గుడ్లు పెట్టిన సంతతి ఇది. సాధుస్వభావం. చేతి మీద కూర్చోబెట్టుకుంటే కదలదు. పురుగులూ ఆకుకూరలూ తింటుంది. బాగా చూసుకుంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది.

ఆడది తడి ఇసుకలో గుంత తవ్వి ఓ ఇరవై దాకా గుడ్లు పెడుతుంది. పైన మట్టి కప్పి, మూతితో అదిమి, వెళ్లిపోతుంది. మళ్లీ వెనక్కి తిరిగి చూడదు. పొదగడం అనే పని దానికి తెలియదు. ఆ పని ఎండది, నేలది. ఇంట్లో అయితే మనిషిది.

నానమ్మ చేయి

మొదటిసారి గుడ్లు పెట్టినప్పుడు ఈ ఇంట్లో ఓ చిన్న విషాదం జరిగింది. నానమ్మది భువనగిరి దగ్గర పల్లె. కోళ్లను పొదగేయడంలో ఆమెకు ఆమే సాటి. వెడల్పాటి గంపలో ఇసుకో ఊకో పోసి, పైన వరిగడ్డి పరిచి, గుడ్ల మీద బొగ్గుతో గీత గీసి పెట్టేది. కోడి తర్వాత కొత్త గుడ్డు పెట్టినా ఇట్టే తెలిసిపోవాలి కదా! ఉరుములకు గుడ్లు మురుగుతాయని గంపలో ఓ ఇనుప ముక్క పడేసేది. ఇరవై ఒక్క రోజులు. పెట్ట కోడి రోజుకు ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లను తిప్పుతుంది. తిప్పకపోతే లోపలి పిండం పెంకుకు అంటుకుపోతుంది. కోళ్ల హేచరీల్లో మిషన్లు గంట గంటకూ ట్రేలను అటూ ఇటూ వంచేది అందుకే.

మనవడు కాలేజీకి వెళ్లాక నానమ్మ పెట్టె మూత తీసి చూసింది. గుడ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. 'పాపం, తిప్పే తల్లి లేకపాయె' అనుకుంది. ప్రేమగా ఒక్కొక్కటీ తిప్పిపెట్టింది. అలా వరసగా వారం రోజులు!

అన్నీ పోయాయి.

కోడిగుడ్డుకు ప్రాణం పోసే పనే బల్లి గుడ్డుకు ప్రాణం తీస్తుంది. కోడిగుడ్డులో పచ్చసొనను నిలకడగా పట్టి ఉంచే తాళ్లలాంటివి ఉంటాయి. బల్లి, తాబేలు, మొసలి గుడ్లలో అలాంటి ఏర్పాటు లేదు. పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పిండం గుడ్డు పైభాగానికి అంటుకుని అక్కడే ఎదుగుతుంది. తలకిందులు చేస్తే సొన బరువు దాని మీద పడుతుంది. అందుకే గుడ్లు తీసేటప్పుడే పెన్సిల్‌తో పైభాగాన చిన్న గుర్తు పెడతారు. ఆ గుర్తు పిల్ల బయటికొచ్చే దాకా ఆకాశం వైపే ఉండాలి.

'నా చేతులతోనే సంపుకున్న' అని నానమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. 'నీకు చెప్పకపోవడం నా తప్పు' అని మనవడు బతిమాలాడట. రెండోసారి మాత్రం పెట్టె మీద పెద్దక్షరాలతో కాగితం అంటించాడు. 'నానమ్మా, తిప్పొద్దు!'

వేడి ఎంత? తడి ఎంత?

బియర్డెడ్ డ్రాగన్ గుడ్లు హాయిగా ఎదిగే వేడి 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్. చాలామంది 29 దగ్గర నిలుపుతారు. ఆ వేడిలో పిల్లలు బయటపడటానికి దాదాపు రెండు నెలలు, ఒక్కోసారి ఇంకో రెండు వారాలు పడుతుంది. కోడిగుడ్డుకు కావాల్సిన 37.5 డిగ్రీలతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కోళ్ల ఇంక్యుబేటర్ తెచ్చి ఆ లెక్కతోనే ఇవీ పెడితే ఉడికిపోవడమే.

పెట్టె తయారీ బ్రహ్మవిద్యేం కాదు. ఐసు పెట్టుకునే థర్మోకోల్ డబ్బా, అడుగున సన్నటి హీటింగ్ తీగ లేదా ప్యాడ్, దాన్ని ఆపుతూ వేస్తూ ఉండే థర్మోస్టాట్. గుడ్లను నేరుగా పెట్టెలో పెట్టరు. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వర్మిక్యులైట్ పోసి, వేలితో గుంటలు చేసి, అందులో సగం మునిగేలా ఒక్కోటీ పెడతారు. వర్మిక్యులైట్ అంటే నర్సరీల్లో కుండీలకు వాడే, మెరిసే తేలికపాటి పొరల పదార్థం. అభ్రకం గనులకు పేరున్న నెల్లూరు వైపు కూడా దొరికే ఖనిజమే. పొదుగుకోసం దాన్ని, నీళ్లను సమాన బరువులో కలపాలి. సరిపోయిందో లేదో చూడ్డానికి చేతిలో పట్టి పిండాలి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరి. ధారగా కారితే ఎక్కువ. ఏమీ రాకపోతే తక్కువ.

ఈ తడి అంత ముఖ్యమా అంటే... ప్రాణమంత ముఖ్యం. కోడిగుడ్డుది గట్టి పెంకు. తనకు కావాల్సిన నీళ్లన్నీ లోపలే ఉంటాయి. పొదిగే రోజుల్లో అది నీటిని కోల్పోతుంది. డ్రాగన్ గుడ్డుది తోలులాంటి మెత్తటి పొర. అది చుట్టూ ఉన్న తడిని పీల్చుకుని ఉబ్బుతుంది. పెట్టినప్పటి కంటే పిగిలే నాటికి దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది. తడి చాలకపోతే గుడ్డు ఒకపక్క సొట్టపోతుంది. మరీ ఎక్కువైతే బూజు పట్టి, లోపలి పిల్లకు ఊపిరాడదు. పెట్టెలో గాలి తేమ 75 నుంచి 80 శాతం ఉండాలంటారు. మూతకు రెండు సన్నటి చిల్లులు, వారానికోసారి మూత తీసి కాస్త గాలి తగలనివ్వడం... ఇంతే. నీళ్లు తగ్గాయనిపిస్తే అంచుల్లో పోయాలి కానీ గుడ్ల మీద చిలకరించకూడదు.

వారం తర్వాత చీకట్లో చిన్న టార్చి ఆనించి చూస్తే, పానమున్న గుడ్డు గులాబీ రంగులో వెలుగుతుంది. లోపల దారాల్లాంటి ఎర్రటి నరాలు. పసుపు రంగులో ముడుచుకుపోయినవి తాలు గుడ్లు. కోడిగుడ్లను దీపం ముందు పెట్టి చూసిన నానమ్మకు ఈ ఒక్క పనీ ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

చలి దేశాల పుస్తకాలన్నీ పెట్టెను ఎలా వేడి చేయాలో చెబుతాయి. మనకొచ్చే చిక్కు వేరు. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రుల సంగతి సరే, ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది. శ్లాబు కింది గది ఎప్పుడూ 35కి తగ్గదు. థర్మోస్టాట్ వేడిని ఆపగలదు కానీ చల్లదనాన్ని ఇవ్వలేదు కదా! గది వేడే ఎక్కువైతే అది ఆఫ్ అయి ఊరుకుంటుంది. అంతే. అందుకని ఈ ఇంట్లో పెట్టెను పై అంతస్తు నుంచి కింది గదికి దించారు. లోపల నీళ్లు నింపిన సీసాలు పెట్టారు. నీళ్లు త్వరగా వేడెక్కవు, త్వరగా చల్లారవు. ఒడుదొడుకులు తగ్గుతాయి. కరెంటు పోతే ఐసు సీసాకు గుడ్డ చుట్టి పెట్టెలో ఓ మూలన, గుడ్ల డబ్బాకు తగలకుండా పెడతారు. అసలు వేసవిలో జత కలపకుండా ఉండటమే అన్నింటికన్నా తేలిక అంటాడు మనవడు. కానీ ఆడది ఒక్కసారి జతకట్టినా మగ బీజాన్ని దాచుకుని, కొన్ని వారాల తర్వాత మరో విడత గుడ్లు పెట్టగలదు. ఈ మే నెల గుడ్లు అలా వచ్చినవే.

పాములు చెప్పిన జవాబు

ఇక నానమ్మ ప్రశ్న. ఆడా మగా తేల్చేది ఎవరు?

మౌలాలి నుంచి అరగంట ప్రయాణం చేస్తే ఉప్పల్ రోడ్డులో హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ వస్తుంది. 1987లో అక్కడ చేరిన లాల్జీ సింగ్ అనే శాస్త్రవేత్త అంతకుముందు చాలా ఏళ్లు పట్టుకుని కూర్చున్న ప్రశ్న సరిగ్గా ఇదే. కాకపోతే ఆయన అడిగింది పాముల్ని. పాముల్లో, పక్షుల్లో ఆడా మగా నిర్ణయం క్రోమోజోముల్లోనే ఉంటుంది. మనుషుల్లో ఎక్స్, వై అన్నట్టు వాటిలో జెడ్, డబ్ల్యూ. రెండూ జెడ్‌లైతే మగ. ఒక జెడ్, ఒక డబ్ల్యూ అయితే ఆడ. ఆడపాముల్లో మాత్రమే ఎక్కువగా కనిపించే డీఎన్ఏ ముక్క కోసం ఆయన వెతికి, కట్లపాముల జాతికే చెందిన బాండెడ్ క్రెయిట్ నుంచి ఒకదాన్ని పట్టుకున్నారు. ఆ ముక్కను తర్వాత మనుషుల డీఎన్ఏతో జోడించి చూస్తే ఒక్కో మనిషికీ ఒక్కో తీరు చారలు వచ్చాయి. అలా 1988 నాటికి మన దేశానికి సొంత డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతి దొరికింది. నేరస్తుల్ని పట్టుకోవడానికీ, తండ్రెవరో తేల్చడానికీ కోర్టులకు ఆధారమైంది. ఆ పని కోసమే పుట్టిన సీడీఎఫ్‌డీ సంస్థ ఒకప్పుడు నాచారంలో ఉండేది. ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. పాముల్లో ఆడా మగా వెతకబోతే మనిషి జాడ దొరికింది!

అంటే నానమ్మ మాట పాముకీ కోడికీ సరిపోతుంది. గుడ్డులో పడ్డప్పుడే తేలిపోతుంది.

మొసలి దగ్గరికొస్తే కథ మారుతుంది. మొసళ్లకు ఆడా మగా క్రోమోజోములే లేవు. తేల్చేది వేడి. ఈ విషయంలోనూ మన ఊరికి ఓ పాత బంధం ఉంది. చర్మాల కోసం వేటాడటంతో మొసళ్లు అంతరించే దశకు చేరినప్పుడు 1975లో కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో మొసళ్ల సంరక్షణ పథకం మొదలుపెట్టింది. నదుల ఒడ్డున గుడ్లు సేకరించి, హేచరీల్లో పొదిగించి, పిల్లల్ని కాస్త పెంచి మళ్లీ నీళ్లలో వదలడం ఆ పథకం తీరు. ఆ పనికి మనుషుల్ని తయారుచేసే కేంద్రీయ మొసళ్ల సంవర్ధక శిక్షణ సంస్థ హైదరాబాద్‌లోనే ఉండేది. మనకు తాగునీళ్లిచ్చిన మంజీర జలాశయం ఇప్పటికీ మగ్గర్ మొసళ్లకు పేరున్న అభయారణ్యం.

ఆ మగ్గర్ గుడ్ల మీద మద్రాసు క్రొకడైల్ బ్యాంకులో చేసిన పరీక్షల ఫలితాలు 1989లో అచ్చయ్యాయి. జెఫ్రీ లాంగ్, హ్యారీ ఆండ్రూస్, రోములస్ విటేకర్ కలిసి రాసిన ఆ వ్యాసంలోని అంకెలు చూస్తే ముక్కున వేలేసుకోవాల్సిందే. గుడ్లను 28 నుంచి 31 డిగ్రీల మధ్య నిలకడగా ఉంచితే పుట్టినవన్నీ ఆడవే. 32.5 దగ్గర ఉంచితే అన్నీ మగవే. 33కి వెళ్తే మళ్లీ రెండూ! డిగ్రీన్నర తేడాలో మొత్తం తారుమారు. జ్వరం కొలిచే థర్మామీటరులో మనం పట్టించుకోని తేడా అది.

రెండూ తానే అయిన బల్లి

మరి గడ్డం తొండ? అది పాము దారిలోనూ ఉంది, మొసలి దారిలోనూ ఉంది. దానికి జెడ్, డబ్ల్యూ క్రోమోజోములున్నాయి. మామూలు వేడిలో వాటి మాటే చెల్లుతుంది. సగం ఆడ, సగం మగ. కానీ పొదిగే వేడి 32 దాటిన కొద్దీ వేడి మాట పైచేయి అవుతుంది. రెండు జెడ్‌లున్న, మగది కావాల్సిన పిల్ల ఆడదై పుడుతుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఈ సంగతిని 2007లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. ప్రయోగశాలలో కదా అనుకున్నవాళ్లకు 2015లో 'నేచర్' పత్రికలో జవాబొచ్చింది. ఎడారిలో సహజంగా తిరిగే 131 బల్లుల్ని పరీక్షిస్తే 11 అలా మారినవే. వట్టి ఆడవి కూడా కాదు, మామూలు ఆడవాటి కంటే ఎక్కువ గుడ్లు పెట్టే ఆడవి! వాటిని మామూలు మగవాటితో జత కలిపితే పుట్టిన పిల్లల్లో డబ్ల్యూ అన్నదే లేదు. ఒక్క తరంలోనే ఆడా మగా నిర్ణయం పూర్తిగా వేడి చేతికి వెళ్లిపోయింది.

మన తొండ కూడా తక్కువ తినలేదు. దాని గుడ్ల మీద కర్ణాటకలో జరిగిన పరిశోధనలో, వేడి పెరుగుతున్న కొద్దీ ఒకసారి ఆడవి, ఒకసారి మగవి, మళ్లీ ఆడవి, మళ్లీ మగవి ఎక్కువగా పుట్టినట్టు 2012లో వెల్లడించారు. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత. ముదరక ముందే, గుడ్డులో ఉండగానే ఇన్ని వేషాలు!

అయితే కంగారు పడక్కర్లేదు. కరెంటు పోయి గంటసేపు అంకె పెరిగినంత మాత్రాన పిల్లలు మారిపోవు. ఎదుగుదల మధ్య దశలో రోజుల తరబడి ఆ వేడి తగలాలి. ఆ మధ్యాహ్నం 31.8 దాకా వెళ్లి ఆగింది మీటరు. ఫ్యాను గిర్రున తిరగ్గానే నానమ్మ విసనకర్ర పక్కన పెట్టి 'ఎల్లమ్మ తల్లీ' అని దండం పెట్టుకుంది.

ఇసుక వేడెక్కితే

ఇంట్లో పెట్టెకైతే మీటరుంది, ఐసు సీసా ఉంది. సముద్రం ఒడ్డున?

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరానికి ఏటా జనవరి నుంచి ఏప్రిల్ మధ్య ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. రాత్రిపూట ఇసుకలో అడుగున్నర లోతు గుంత తవ్వి వంద పైచిలుకు గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. కుక్కలూ నక్కలూ తవ్వి తినకుండా అటవీ శాఖ వాళ్లూ, మత్స్యకార యువకులూ, స్వచ్ఛంద సంస్థల వాళ్లూ తెల్లారేలోపు ఆ గుడ్లను ఏరి, కంచె వేసిన హేచరీల్లో అంతే లోతున మళ్లీ పాతిపెడతారు. విశాఖ తీరాన ఉదయం నడకకు వెళ్లేవాళ్లు పిల్లల్ని సముద్రంలోకి వదలడం చూసే ఉంటారు. అక్కడా అదే జాగ్రత్త... గుడ్డు తిప్పకూడదు.

తాబేళ్లకూ ఆడా మగా క్రోమోజోములు లేవు. ఇసుక వేడి 29, 30 డిగ్రీల దగ్గర ఉంటే రెండూ పుడతాయి. అంతకు మించి వేడెక్కితే ఆడవే. ఇంకా పెరిగితే గుడ్లే మురిగిపోతాయి. అతిశయోక్తి కాదు. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పచ్చ తాబేళ్లను పరీక్షించి 2018లో చెప్పిన లెక్క ప్రకారం అక్కడి పిల్ల తాబేళ్లలో 99 శాతం ఆడవి. మగవి లేకపోతే రేపటి గుడ్లకు పానమెక్కడిది? అందుకే చాలాచోట్ల హేచరీల మీద నీడ పందిళ్లు వేస్తున్నారు. భూగోళానికి థర్మోస్టాట్ పెట్టలేం కాబట్టి, కనీసం ఓ తాటాకు పందిరి!

ఎన్ని పొదగాలి?

రెండో విడతలో తల్లి బల్లి 22 గుడ్లు పెట్టింది. మనవడు ఎనిమిదే పెట్టెలో ఉంచాడు. మిగతావి మొదటిరోజే, లోపల పిల్ల రూపు కట్టకముందే డీప్ ఫ్రీజర్‌లో పెట్టేశాడు. ఇంట్లో పెద్ద గొడవే అయింది. 'పానమున్న గుడ్లను గట్ల జేస్తవా?' అని నానమ్మ మాట్లాడటం మానేసింది.

'22 పిల్లలు పుడితే వాటిని ఎక్కడ పెట్టాలి నానమ్మా?' అన్నాడట మనవడు. కలిపి ఉంచితే ఒకదాని కాలి వేళ్లు, తోక ఇంకొకటి కొరుకుతుంది. ఒక్కోదానికీ రోజుకు ఎన్నోసార్లు చిన్న చిన్న పురుగులు, సన్నగా తరిగిన ఆకుకూర. ఎముకలు వంకరపోకుండా అతినీలలోహిత కిరణాలిచ్చే ప్రత్యేక దీపం. జబ్బుచేస్తే చూసే డాక్టర్లు నగరంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఎవరికో ఇచ్చేస్తే ముద్దు తీరాక మౌలాలి గుట్ట మీదో, ఉప్పల్ చెరువు గట్టునో వదిలేస్తారు. అక్కడ బతక్కపోతే దానికి అన్యాయం. బతికితే మన తొండలకు అన్యాయం.

నానమ్మ చాలాసేపు ఊరుకుంది. తర్వాత తనే అందట... 'పొదగేసేటప్పుడు మేం గూడ గంతే. ఎన్ని గుడ్లున్నయని గాదు, కోడి రెక్కల కింద ఎన్ని పడతయని చూస్తం. ఆశకు నాలుగు ఎక్కువ పెడితే అంచులకున్నవి సల్లబడి మురుగుతయి. లోపలున్నయి గూడ ఆగమైతయి.'

ఇంక్యుబేటర్ కొనాలనుకునే వాళ్లెవరైనా ముందు వినాల్సిన మాట ఇదే అనిపించింది. మిషను రెక్కలకు హద్దు లేదు. 22 పెడితే 22నీ పొదుగుతుంది. పొదిగాక సాకే రెక్కలు మాత్రం మనవే.

చట్టం సంగతీ ఓ మాట. నక్షత్ర తాబేలు, ఉడుము, రామచిలుక... ఇలాంటి మన దేశపు వన్యప్రాణుల్ని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశీ ప్రాణుల్లో సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలకెక్కినవి ఉంటే, 2022లో సవరించిన చట్టం, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం 'పరివేశ్' పోర్టల్‌లో నమోదు చేయాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, చేతులు మారినా చెప్పాలి. ఏ ప్రాణిని కొనబోయినా ముందు ఆ జాబితా చూసుకోవడం, ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం అడగడం మంచిది. సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించాలి.

జూలైలో ఓ పొద్దున్నే

జూలై మొదటివారంలో ఫోనొచ్చింది. 'అన్నా, గుడ్లకు చెమటలు పడుతున్నాయి!'

పిగిలే ముందు గుడ్డు మీద సన్నటి నీటి బొట్లు కనిపిస్తాయి. అప్పటిదాకా బిర్రుగా ఉన్నది కాస్త మెత్తబడి సొట్టపోతుంది. ఇన్నాళ్లూ సొట్ట అంటే భయం, ఈ ఒక్కరోజు సొట్ట అంటే శుభవార్త. నేను వెళ్లేసరికి వాన తుంపర. గుట్ట బండలు తడిసి నల్లగా నిగనిగలాడుతున్నాయి. పెట్టెలో ఒక గుడ్డుకు సన్నటి చీలిక. అందులోంచి బియ్యపు గింజంత మూతి. ముక్కు చివరన ఉండే చిన్న పన్నుతో కోసుకుంటుందట. తర్వాత ఆ పన్ను రాలిపోతుంది.

మూతి బయటపెట్టి అది అలాగే ఉండిపోయింది. గంట, రెండు గంటలు. 'ఇరుక్కుందేమో, కాస్త లాగితే?' అన్నాను ఆగలేక.

నానమ్మా, మనవడూ ఒకేసారి నా చేయి పట్టుకుని ఆపారు.

మిగిలిన సొనను కడుపులోకి లాక్కునే దాకా పిల్ల గుడ్డులోనే కూర్చుంటుంది. ఒక్కోసారి ఒక రోజంతా. తొందరపడి లాగితే రక్తం కారి చచ్చిపోతుంది. 'కోడిపిల్ల గూడ గంతే బిడ్డా. పెంకు మనం తీస్తే బతకది. అదే తీసుకోవాలె' అంది నానమ్మ. తిప్పడం దగ్గర వేరైపోయిన కోడీ, తొండా చివరికి ఇక్కడ ఒక్కటయ్యాయి.

మర్నాడు సాయంత్రానికి ఎనిమిదింటిలో ఏడు బయటికొచ్చాయి. వేలెడంత పొడవు, ముళ్ల గడ్డం ఇంకా రాని బోసి గొంతులు. ఆడవో మగవో తెలియడానికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది. ఎనిమిదో గుడ్డు పిగల్లేదు. మనవడు దాన్ని తీసేయబోతే నానమ్మ వద్దంది. ఇంకో నాలుగు రోజులు పెట్టెలోనే ఉండనిమ్మంది.

పెట్టె మీది కాగితం మాత్రం అలాగే ఉంది. 'నానమ్మా, తిప్పొద్దు!' దాని కింద బొగ్గుతో గీసిన చిన్న గీతలు కొత్తగా కనిపించాయి. లెక్కపెట్టాను. ఎనిమిది.